మానిటర్ లేని రాస్ప్‌బెర్రీ పైని డెస్క్‌టాప్ నుంచి నడపడం

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇక నుంచి ఒట్టి పై అంటాను) కోసం విడిగా మానిటర్, కీబోర్డ్, మౌస్ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ నుంచే దాంట్లోకి లాగిన్ అయ్యి, ప్రోగ్రాములు నడిపి, ఫైళ్లు అటూ ఇటూ పంపుకోవచ్చు. చిక్కల్లా మొదటిసారి పవర్ ఇచ్చినప్పుడే. పై నెట్‌వర్క్‌లో కనిపించకపోతే లోపల ఏం జరుగుతోందో చూపించడానికి తెర లేదు. అందుకే అసలు పని పవర్ ఇవ్వకముందు, మెమరీ కార్డు తయారు చేసేటప్పుడే అయిపోవాలి.

ఉదాహరణకి బోరు మోటార్‌ని రిలే అనే కరెంటు స్విచ్‌తో నడిపే పై ఒకటి అనుకుందాం. దాంట్లో యూజర్ పేరు రాము, హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ పేరు) మోటార్. కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

కార్డు రాసేటప్పుడు

మెమరీ కార్డులోకి ఓఎస్‌ని రాసే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ ప్రోగ్రామ్‌లో మోడల్, ఓఎస్, కార్డు ఎంచుకున్నాక సెట్టింగ్స్ మారుస్తారా అని అడుగుతుంది. తొందరలో చాలామంది దాన్ని దాటేస్తారు. దాటేయకండి. హోస్ట్‌నేమ్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై పేరు, వైఫై పాస్‌వర్డ్, దేశం, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ఆన్ — ఇవన్నీ అక్కడే నింపాలి.

నెట్‌లో దొరికే పాత పాఠాలతో ఇక్కడే మోసపోతారు. యూజర్ పేరు ‘పై’, పాస్‌వర్డ్ ‘రాస్ప్‌బెర్రీ’ అని ఇంకా చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ డిఫాల్ట్ యూజర్‌ని 2022 ఏప్రిల్‌లోనే తీసేశారు. ఎస్‌ఎస్‌హెచ్ కూడా 2016 చివరి నుంచి డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే వస్తోంది. బూట్ పార్టిషన్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్ పెడితే వైఫై వచ్చేస్తుందన్నది ఇంకో పాత చిట్కా. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్ నుంచి వైఫైని నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటోంది కాబట్టి ఆ ఫైల్‌ని ఎవరూ పట్టించుకోరు. పాఠం రాసిన తేదీ 2023 అక్టోబర్‌కి ముందైతే అందులో వైఫై భాగాన్ని నమ్మకండి.

దేశం దగ్గర ఇండియా అని తప్పకుండా పెట్టాలి. అది ఖాళీగా ఉంటే వైఫై రేడియోని ఓఎస్సే ఆపేసి ఉంచుతుంది, పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా ఇచ్చినా లాభం లేదు. వైఫై పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కే.

ఆ తర్వాత బ్యాండ్ సంగతి. పై 3బి, జీరో డబ్ల్యూ, జీరో 2 డబ్ల్యూ కేవలం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. 3బి ప్లస్, 4, 5 రెండు బ్యాండ్లూ అందుకుంటాయి. జీరో 2 డబ్ల్యూ కార్డులో 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు రాసి పెడితే అది ఎన్ని గంటలున్నా కలవదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో చేసేవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4కి మార్చాలి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా పెట్టాలి.

పవర్, లైట్లు

పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పై 5కి 5.1 వోల్టులు, 5 ఆంపియర్లు. 3 ఆంపియర్ల అడాప్టర్‌తో పై 5 లేస్తుంది కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. అప్పుడు హార్డ్ డిస్క్ లాంటివి తగిలిస్తే మొరాయిస్తాయి. ఫోన్ చార్జర్ మీద 3 ఆంపియర్లని రాసి ఉన్నా సన్న తీగ కేబుల్ మధ్యలోనే వోల్టేజీని తినేస్తుంది. 4.63 వోల్టుల కిందికి దిగితే పై దాన్ని లోటుగా లెక్కేస్తుంది. వైఫై తెగిపోవడం, మధ్యలో రీబూట్ అవడం, కార్డు పాడవడం, వీటిలో చాలా కేసులు చివరికి ఈ కేబుల్ దగ్గరే తేలతాయి.

లాగిన్ అవ్వగలిగితే ఒక కమాండ్‌తో తెలిసిపోతుంది: వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్. ఇందులో కమాండ్ అన్నచోట సీఎండీ అనే మూడు అక్షరాలే కొట్టాలి. జవాబు సున్నా వస్తే అంతా బాగున్నట్టు. 50000 అని వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయి ప్రాసెసర్ వేగం తగ్గింది. 50005 అంటే ఇప్పుడు, ఈ క్షణంలో కూడా పడిపోయే ఉంది. అడాప్టర్, కేబుల్ రెండూ మార్చి చూడండి.

లాగిన్ కాలేకపోతే లైటు చూడాలి. మొదటి బూట్‌లో పై కార్డంతా వాడుకునేలా పార్టిషన్ పెంచుకుని మళ్లీ రీబూట్ అవుతుంది. పై 4లో దీనికి రెండు మూడు నిమిషాలు, జీరోల్లో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో పచ్చ లైటు లయ లేకుండా మిణుకుమిణుకుమంటుంటే కార్డు చదువుతోందని అర్థం. కంగారుపడి ప్లగ్ పీకకండి. లైటు ఒక లెక్క ప్రకారం కొడుతూ, ఆగి, మళ్లీ అదే లెక్క కొడుతుంటే మాత్రం అది ఫిర్యాదు. నాలుగు చిన్న మెరుపులైతే బూట్‌కి కావాల్సిన స్టార్ట్ ఫైల్ దొరకలేదు, ఏడైతే కెర్నల్ దొరకలేదు. రెండింట్లో ఏదైనా కార్డు మళ్లీ రాయాల్సిందే, అప్పటికీ అంతే ఉంటే కార్డే మార్చాలి.

లోపలికి

విండోస్ 10లో 2018 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ దాంతోనే వస్తోంది. పుట్టీ వాడేవాళ్లు వాడుకోవచ్చు, కానీ అవసరమైతే లేదు. పవర్‌షెల్ తెరిచి, లైనక్స్ లేదా మ్యాక్ అయితే టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

ఎస్ఎస్‌హెచ్ రాము@మోటార్.లోకల్

మొదటిసారి ఈ మెషీన్‌ని నమ్మాలా అని అడుగుతుంది. యస్ అని పూర్తిగా టైప్ చేయాలి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రావు. కీబోర్డ్ పనిచేయట్లేదనుకోకుండా మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి.

లోపలికి వెళ్లలేకపోతే వచ్చే సందేశాన్ని అక్షరం అక్షరం చదవాలి. తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది, జనం దాన్ని చదవకుండా కార్డు మళ్లీ మళ్లీ రాస్తుంటారు.

కుడ్ నాట్ రిజాల్వ్ అంటే మోటార్.లోకల్ అనే పేరుకి అడ్రస్ దొరకలేదు. పై బతికే ఉండొచ్చు. చివర లోకల్ ఉన్న పేర్లు ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతిలో, యూడీపీ 5353 పోర్టు మీద, ఒకే నెట్‌వర్క్ లోపలే వెతుకుతాయి. డెస్క్‌టాప్ మెయిన్ వైఫైలో, పై గెస్ట్ వైఫైలో ఉంటే కలవవు. డెస్క్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నా దొరక్కపోవచ్చు. పేరు కుదరకపోతే నంబరు పట్టుకోండి. రూటర్ అడ్మిన్ పేజీలో డీహెచ్‌సీపీ క్లయింట్ల (రూటర్ అడ్రస్ ఇచ్చిన మెషీన్ల) పట్టికలో మోటార్ అనే పేరు, పక్కన 192.168తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తాయి. రూటర్ పాస్‌వర్డ్ చేతిలో లేకపోతే డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌ని వెతికే ఎన్‌మ్యాప్ ప్రోగ్రామ్ పెట్టుకుని, ఎన్‌మ్యాప్ హైఫన్ ఎస్‌ఎన్ 192.168.1.0/24 కొడితే నెట్‌వర్క్‌లో లేచి ఉన్నవన్నీ వస్తాయి. లైనక్స్‌లో ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమని) పెడితే మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ చిప్‌కి ఉండే సొంత నంబరు) పాటు తయారీదారు పేరు కూడా చూపిస్తుంది. అక్కడ రాస్ప్‌బెర్రీ పై అని కనిపించినదే మీది.

కనెక్షన్ టైమ్డ్ అవుట్ అంటే ఆ అడ్రస్‌లో ఎవరూ పలకట్లేదు. అడ్రస్ మారిపోయి ఉండొచ్చు, వైఫై తెగి ఉండొచ్చు. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అయితే అది మంచి వార్తే. మెషీన్ అక్కడే ఉంది, జవాబిస్తోంది, 22వ పోర్టు దగ్గర ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నడవట్లేదు అంతే. కార్డు రాసేటప్పుడు ఆ టిక్ పెట్టలేదన్నమాట, లేదా మొదటి బూట్ ఇంకా పూర్తి కాలేదు. పర్మిషన్ డినైడ్ వస్తే నెట్‌వర్క్ వైపు అంతా సవ్యంగా ఉన్నట్టే, యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. యూజర్ పేరు ఇవ్వకుండా కొడితే విండోస్‌లో మీ పేరే వెళ్తుంది, అదీ చూసుకోండి.

కార్డు మళ్లీ రాశాక అదే పేరుతో కనెక్ట్ అయితే, రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారిపోయిందని పెద్ద అక్షరాలతో హెచ్చరిక వస్తుంది. కొత్త ఓఎస్ కొత్త కీ తయారు చేసుకుంది కాబట్టి ఇది మామూలే. ఎస్ఎస్‌హెచ్-కీజెన్, స్పేస్, హైఫన్ పెద్ద ఆర్, స్పేస్, మోటార్.లోకల్ కొడితే పాత గుర్తు పోతుంది. కార్డు జోలికే వెళ్లకుండా ఈ హెచ్చరిక వస్తే ఆగి చూడండి. రూటర్ అదే అడ్రస్‌ని ఇంకో మెషీన్‌కి ఇచ్చి ఉండొచ్చు. అది జరగకుండా రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి పై మ్యాక్ అడ్రస్‌కి ఒక నంబరు కట్టేయండి. అడ్రస్‌ని పైలో ఫిక్స్ చేయడం కంటే రూటర్‌లో ఫిక్స్ చేయడమే మేలు, ఎందుకంటే రూటర్ మార్చినా పై బయటపడిపోదు.

పాస్‌వర్డ్ బదులు కీ

డెస్క్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ టీ ఈడీ25519 కొడితే రెండు ఫైళ్లు వస్తాయి. చివర డాట్ పబ్ ఉన్నదే రాస్ప్‌బెర్రీ పైకి పంపాలి, రెండోది డెస్క్‌టాప్ దాటకూడదు. లైనక్స్‌లో ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ఒక్కటే చాలు. విండోస్‌లో అది లేదు. డాట్ పబ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ ఒక్క లైను కాపీ చేసి, పైలో మీ హోమ్ ఫోల్డర్ కింద డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్_కీస్ అనే ఫైల్‌లో అతికించండి. ఫోల్డర్‌కి 700, ఫైల్‌కి 600 పర్మిషన్లు ఉండాలి. ఇంతా చేసి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంటే హోమ్ ఫోల్డర్ పర్మిషన్లు చూడండి. వేరేవాళ్లు రాయగలిగేలా వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని లెక్కలోకి తీసుకోదు.

కీ పనిచేశాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయొచ్చు. ఆ మార్పు చేసేటప్పుడు ఒక నియమం: ఉన్న కిటికీ మూసేయకుండా, సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీతో సెట్టింగ్ ఫైల్‌లో తప్పుల్లేవని చూసుకుని, సర్వీస్ రీస్టార్ట్ చేసి, రెండో కిటికీ తెరిచి లాగిన్ అయ్యి చూడాలి. అది పనిచేశాకే మొదటిది మూయాలి.

డెస్క్‌టాప్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే ఫైల్ పెట్టి, పేరు, అడ్రస్, యూజర్ రాసుకుంటే ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ మోటార్ అంటే చాలు. అందులోనే సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 60 అని రాస్తే ఖాళీగా వదిలిన కనెక్షన్ తెగిపోవడం తగ్గుతుంది. నోట్‌ప్యాడ్ ఆ ఫైల్ చివర డాట్ టీఎక్స్‌టీ అంటించేస్తుంది, తీసేయండి.

ఫైళ్లు, ఎడిటింగ్, పొడవైన పనులు

ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే ఎస్‌ఎఫ్‌టీపీ ఉన్నట్టే. విన్‌ఎస్‌సీపీలోనో ఫైల్‌జిల్లాలోనో 22వ పోర్టు ఇచ్చి లాగి వదలొచ్చు. కమాండ్‌తో పంపేవాళ్లు ఎస్‌సీపీలో అడ్రస్ తర్వాత కోలన్ గుర్తు మర్చిపోకండి. కోలన్ లేకపోతే ఏ తప్పూ చూపించకుండా, రాము@మోటార్.లోకల్ అనే పేరుతో మీ డెస్క్‌టాప్‌లోనే ఒక ఫైల్ తయారవుతుంది. పంపాననుకుంటారు, పైలో ఉండదు.

వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ చాలా హాయిగా ఉంటుంది, కానీ అది పైలో తన సర్వర్‌ని దించుకుంటుంది. మొదటి తరం జీరో, జీరో డబ్ల్యూలో ప్రాసెసర్ ఆర్మ్‌వీ6 కాబట్టి అసలు నడవదు. జీరో 2 డబ్ల్యూలో నడుస్తుంది కానీ 512 ఎంబీ ర్యామ్ దానికి చాలదు, స్వాప్‌లో పడి ఈడుస్తుంది. అలాంటి వాటికి డెస్క్‌టాప్‌లో రాసి ఆర్‌సింక్‌తో పంపడమే మంచిది.

గంటలకొద్దీ నడిచే పని మొదలుపెట్టి డెస్క్‌టాప్ ఆపేస్తే ఆ పని కూడా మధ్యలోనే చచ్చిపోతుంది. ముందు టీమక్స్ అని కొట్టి దాంట్లో మొదలుపెట్టండి. కంట్రోల్ బీ నొక్కి వదిలి, డీ నొక్కితే బయటికొస్తారు, పని లోపల నడుస్తూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయ్యి టీమక్స్ అటాచ్ అంటే వదిలినచోటే ఉంటుంది. మోటార్ టైమర్ లాంటి ఎప్పటికీ నడవాల్సిన ప్రోగ్రామ్‌కి టీమక్స్ కాదు, సిస్టమ్‌డీ సర్వీస్ రాయాలి. రీబూట్ తర్వాత దానంతటదే లేచేది అదే.

టైప్ చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి వస్తున్నాయా? ముందు వైఫై పవర్ సేవింగ్‌ని అనుమానించండి. సుడో ఐడబ్ల్యూ డబ్ల్యూలాన్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్ కొట్టి చూడండి. చురుగ్గా మారితే కారణం దొరికినట్టే, తర్వాత నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ వైఫై కనెక్షన్‌కి పవర్‌సేవ్ విలువ 2 పెడితే శాశ్వతంగా ఆగిపోతుంది.

డెస్క్‌టాప్ తెర కావాలంటే

నా మాట వింటే, మోటార్ లాంటి పనులకి పైలో డెస్క్‌టాప్ తెర లేని లైట్ ఇమేజ్ (ఓఎస్ తేలికపాటి రూపం) వేసుకుని టెర్మినల్‌తో సరిపెట్టండి. ర్యామ్ మిగులుతుంది, పాడయ్యేవీ తక్కువ. బొమ్మలు, కెమెరా, గ్రాఫులు చూడాల్సినవాళ్లకి పై తెరని మీ డెస్క్‌టాప్‌లో చూపించే వీఎన్‌సీ ఉంది. పైలో ఉండే సెట్టింగ్స్ మెనూ రాస్పి-కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌లో ఆన్ చేస్తే 5900 పోర్టు మీద వస్తుంది. బుక్‌వార్మ్ నుంచి పై తెరని గీసే వ్యవస్థ వేలాండ్‌కి మారడంతో లోపలి సర్వర్ కూడా వేవీఎన్‌సీ అయింది. డెస్క్‌టాప్ వైపు టైగర్‌వీఎన్‌సీ వ్యూయర్ దానితో ఇబ్బంది లేకుండా కలుస్తుంది. మానిటర్ లేనప్పుడు తెర చిన్నదిగా వచ్చినా, అసలు రాకపోయినా, రాస్పి-కాన్ఫిగ్ డిస్‌ప్లే ఆప్షన్లలో మానిటర్ లేనప్పుడు వాడే రిజల్యూషన్ పెట్టి రీబూట్ చేయండి.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ అలవాటైనవాళ్లు ఎక్స్‌ఆర్‌డీపీ వేసుకుంటారు, పోర్టు 3389. అందులో నల్ల తెర రావడం అందరికీ ఎదురయ్యేదే. పై లేచినప్పుడే రాము అనే యూజర్ డెస్క్‌టాప్‌లోకి ఆటో లాగిన్ అయి ఉంటాడు, అదే యూజర్‌కి రెండో సెషన్ పడదు. బూట్‌ని కన్సోల్‌కి మార్చి ఆటో లాగిన్ తీసేస్తే పోతుంది.

పైలో జూపిటర్ నోట్‌బుక్ లాంటి వెబ్ పేజీ మాత్రమే కావాలంటే తెర మొత్తం మోయక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌లో హైఫన్ పెద్ద ఎల్ ఇచ్చి 8888:లోకల్‌హోస్ట్:8888 జోడిస్తే, డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8888 తెరవగానే పైలోది కనిపిస్తుంది. వీఎన్‌సీని కూడా ఇలాగే 5900తో తెచ్చుకోవచ్చు.

ఊళ్లో పై, సిటీలో డెస్క్‌టాప్

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి 22ని ఇంటర్నెట్‌కి వదలమని ఎవరైనా చెబితే వినకండి. పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు గంటల్లోనే తలుపు కొడతాయి. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లలో అది పనిచేయదు కూడా. రూటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, లేదా బ్రౌజర్ చూపించే పబ్లిక్ అడ్రస్‌తో కలవకపోతే, మీరు సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచడం) వెనక ఉన్నారు. బయటి నుంచి మీ రూటర్‌కి నేరుగా దారి లేదు.

టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సర్వీసు దీనికి తేలికైన మందు. పైలో, డెస్క్‌టాప్‌లో రెండింట్లో వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే ఎక్కడున్నా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలుస్తాయి. అక్కడ ఒక గుంట ఉంది. డిఫాల్ట్‌గా 180 రోజులకి కీ గడువు తీరుతుంది, అంటే ఆర్నెల్ల తర్వాత ఊళ్లో పై ఉన్నట్టుండి మాయమవుతుంది. అడ్మిన్ పేజీలో ఆ మెషీన్‌కి కీ ఎక్స్‌పైరీ ఆపేయండి. ఇంకోదారి 2024 మేలో మొదలైన రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్, బ్రౌజర్‌లోనే తెరో టెర్మినలో వస్తుంది. లైట్ ఇమేజ్‌లో దాన్ని వేశాక లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ కొట్టకపోతే మీరు లాగౌట్ అయిన వెంటనే అది కూడా ఆగిపోతుంది.

దూరంగా పెట్టే పైకి రెండో దారి ఉండి తీరాలి. వైఫై ఉన్నా వీలైతే ల్యాన్ కేబుల్ కూడా పెట్టండి. అది కూడా కుదరనప్పుడు దగ్గరున్నవాళ్లు వాడేది సీరియల్ కన్సోల్, అంటే నెట్‌వర్క్ లేకుండా నేరుగా తీగలతో తెచ్చుకునే టెర్మినల్. సీపీ2102 లాంటి యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దాని గ్రౌండ్‌ని పై 6వ పిన్‌కి, అడాప్టర్ ఆర్‌ఎక్స్‌ని 8కి, టీఎక్స్‌ని 10కి కలపాలి. అటు పంపేది ఇటు వినేదానికి చేరాలి కాబట్టి తీగలు అడ్డంగా మారతాయి. ఎర్ర తీగని ఎక్కడా తగిలించకండి, అడాప్టర్ మీద జంపర్ ఉంటే 3.3 వోల్టుల వైపు పెట్టండి. పై పిన్నులు 5 వోల్టులు తట్టుకోలేవు. కార్డు బూట్ పార్టిషన్‌లో ఉండే కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో ఎనేబుల్_యూఆర్ట్=1 ముందే రాసి ఉంచి, పుట్టీలో సీరియల్ ఎంచుకుని 115200 వేగం ఇస్తే బూట్ అవుతున్న ప్రతి లైనూ కనిపిస్తుంది. పై 5లో రెండు హెచ్‌డీఎంఐల మధ్య దీనికోసమే మూడు పిన్నుల సాకెట్ విడిగా ఇచ్చారు.

దూరం నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్ మార్చాల్సి వస్తే నెట్‌వర్క్ మేనేజర్ కమాండ్ అయిన ఎన్‌ఎంసీఎల్ఐ కనెక్షన్ మోడిఫై తర్వాత రెండు హైఫన్లు పెట్టి టెంపరరీ అని జోడించండి. ముందుగా సుడో షట్‌డౌన్ హైఫన్ ఆర్ ప్లస్ 5 కొట్టి ఐదు నిమిషాల్లో రీబూట్ అయ్యేలా పెట్టి, ఆపైన కనెక్షన్ అప్ అని మార్పు అమలు చేయండి. కనెక్షన్ తెగిపోయినా ఐదు నిమిషాలకి పై పాత సెట్టింగ్‌తో లేచి వస్తుంది. అంతా బాగుంటే షట్‌డౌన్ హైఫన్ సీతో రీబూట్ రద్దు చేసి, ఈసారి టెంపరరీ లేకుండా అదే మార్పు చేయాలి.

దూరంగా ఉన్న పైకి పవర్‌ఆఫ్ కమాండ్ కొట్టకండి, రీబూట్ అన్నదే వాడండి. పవర్‌ఆఫ్ అయిన పై 4ని లేపాలంటే ఎవరో ఒకరు వెళ్లి ప్లగ్ తీసి పెట్టాలి. చేతికందేచోట ఉన్నదానికి మాత్రం ప్లగ్ పీకే ముందు సుడో పవర్‌ఆఫ్ కొట్టి, పచ్చ లైటు పూర్తిగా ఆగాకే తీయండి. కరెంటు తరచూ పోయి వచ్చే ఊళ్లో అయితే పైతో పాటు రూటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాలి, ప్రోగ్రామ్ రాయడం అయిపోయాక రాస్పి-కాన్ఫిగ్ పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయాలి. అప్పటి నుంచి రాతలన్నీ ర్యామ్‌లోకే వెళ్తాయి, హఠాత్తుగా కరెంటు పోయినా కార్డుకి దెబ్బ తగలదు. ఆ తర్వాత చేసే ఏ మార్పూ రీబూట్ దాటి నిలవదు కాబట్టి, ప్రోగ్రామ్ సవరించే రోజు ముందు దాన్ని ఆఫ్ చేసి రీబూట్ చేయడం మర్చిపోకండి.